పాల బండ్లు

బండి కొనడం వేరు, బండ్లు కొనడం వేరు. ఇంటికి ఒక కారు కొనుక్కునేవాడు రంగు చూసుకోవచ్చు, ఎదురింటివారి కారు చూసుకోవచ్చు, చివరికి మనసుకు నచ్చిందేదో కొనేసి కారణాలు తరువాత తీరిగ్గా వెతుక్కోవచ్చు. వ్యాపారం కోసం అయిదారు బండ్లు ఒక్కసారిగా కొనవలసి వచ్చినవాడికి ఆ సుఖం లేదు. అతను చేసే ప్రతి చిన్న ఎంపికా ఆరింతలై, పండగనక పబ్బమనక, ఏళ్ళ తరబడి అతని ముందుకు వస్తూనే ఉంటుంది. నాకీ సంగతి మా బాబాయి పాల వ్యాపారం ధర్మమా అని తెలిసింది.

ప్రకాశం జిల్లాలో దర్శికీ పొదిలికీ నడుమ ఆయనకొక చిన్న పాల శీతల కేంద్రం ఉంది. చుట్టుపక్కల ముప్ఫై ఎనిమిది ఊళ్ళలో పొద్దునా సాయంత్రమూ పాలు సేకరించి, చల్లబరిచి, ట్యాంకరులో పెద్ద డెయిరీకి పంపడం ఆయన పని. నేను ఆ కేంద్రం లెక్కలు చూసేవాణ్ణి. 2019 చివరి వరకూ ఆయనకు సొంత బండి ఒక్కటీ లేదు. ఆరు రూట్లు, ఆరు కిరాయి బండ్లు, కిలోమీటరుకు ఇంతని లెక్క. ఆ కిరాయి బండ్ల యజమానులే వాటి డ్రైవర్లు కూడా. అందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, కొందరు పదేళ్ళకు పైబడి బాబాయితో ఉన్నవాళ్ళు.

2019 వేసవిలో వచ్చింది చిక్కు. బండ్లన్నీ పాతబడ్డాయి. మధ్య దారిలో ఒకటి ఆగిపోతే ఆ రూటు పాలన్నీ పులిసిపోయేవి. మే నెల ఒక్కదానిలోనే తొమ్మిదిసార్లు ఇలా జరిగింది. పాలు పులిసినా రైతుకు డబ్బులు ఇవ్వవలసిందే గదా, గేదె తన పని తాను చేసింది, రైతు తన పని తాను చేశాడు. పాలు కొనే డెయిరీవారు ఒక ట్యాంకరును వెనక్కి పంపి, ఇంకొకసారి ఇలా జరిగితే ఒప్పందం ఉండదని ఉత్తరం రాశారు. బాబాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు, "సొంతంగా ఆరు బండ్లు కొనేద్దాం అబ్బాయ్, ఇల్లు తాకట్టు పెట్టయినా సరే" అన్నాడు. పిన్ని వంటింట్లోంచే, "గోడలు తాకట్టు పెట్టి చక్రాలు కొంటారా?" అంది.

ఆ తరువాతి నాలుగైదు నెలలూ ఒంగోలులోని బండ్ల షోరూములన్నీ తిరిగాం. అక్కడ నాకు తెలిసిందేమిటంటే, షోరూములో మనకు దొరికే సమాధానాలన్నీ మనం అడగని ప్రశ్నలకు. ఎన్ని అశ్వశక్తులు, ఎంత మైలేజీ, ముందు ఎంత కట్టాలి, నెలకు ఎంత వాయిదా అన్నీ చెబుతారు. నీ సరుకు ఎంతసేపు ఆగగలదు అని మాత్రం ఎవరూ అడగరు. పాల వ్యాపారంలో మొదటి ప్రశ్న అదే కావాలి.

పితికిన పాలు గేదె ఒంటి వేడితో, దాదాపు 37 డిగ్రీల వద్ద బిందెలోకి వస్తాయి. వాటిని మూడు నాలుగు గంటల లోపల 4 డిగ్రీలకు దించాలి. పాలలో సహజంగా ఉండే రక్షణ శక్తి మొదట కొంతసేపు కాపాడుతుంది, ఆ తరువాత సూక్ష్మజీవులు రెట్టింపుకు రెట్టింపు పెరిగిపోతాయి. మా ప్రాంతపు ఎండల్లో ఆ గడువు ఇంకా తగ్గుతుంది. కాబట్టి బండి ఎంత వేగంగా పోతుందన్నది అసలు విషయం కాదు. మొదటి ఊళ్ళో మొదటి క్యాను ఎక్కించిన క్షణం నుంచి, ఆఖరి ఊరు దాటి కేంద్రానికి చేరేవరకూ ఎంత సమయం పడుతుందన్నది చూడాలి. నేను ఒక వారం పాటు ఆరు రూట్లూ బండ్లలో కూర్చుని తిరిగి, ప్రతి ఊళ్ళో ఎన్ని నిమిషాలు ఆగామో రాసుకున్నాను. నాలుగు రూట్లు రెండు గంటలకు అటూ ఇటూగా ముగుస్తున్నాయి. పడమటి దిక్కున, కనిగిరి వైపు పోయే రెండు రూట్లు మాత్రం మూడున్నర గంటలకు తక్కువ కావడం లేదు. అవి బండి చెడిపోయినందువల్ల పులుస్తున్న పాలు కావు. బండి చక్కగా నడిచినా పులవడానికి సిద్ధంగా ఉన్న పాలు. అక్కడ ఎంత ఖరీదైన కొత్త బండి పెట్టినా గడియారంలో మనకు మిగిలేది పావుగంట.

ఇక బరువు సంగతి. పాలు నీటికన్నా కొంచెం బరువు. లీటరు పాలు కిలో మీద సుమారు 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. నలభై లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. ఖాళీ క్యాను బరువు ఏడెనిమిది కిలోలు కలిపితే నిండు క్యాను 49 కిలోలనుకోవచ్చు. 2005లో టాటావారు 702 సీసీల రెండు సిలిండర్ల ఇంజనుతో ఏస్ అనే చిన్న బండిని తెచ్చిన తరువాత, పల్లెల్లో మూడు చక్రాల ఆటోలు చేసే పనిలో చాలా భాగం ఈ తరహా బండ్ల చేతికి వచ్చింది. దాని మోత ముప్పావు టన్ను. పదిహేను క్యాన్లకు 735 కిలోలు. బాగానే సరిపోయిందనుకుంటాం. క్యాన్లు ఎక్కించే కుర్రాడు వాటి పక్కన నిలబడగానే గీత దాటిపోయింది!

గీత దాటితే ఏమవుతుందని మా డ్రైవర్లనడిగితే నవ్వారు. వెనక కమాన్లకు ఒక పట్టీ ఎక్కువ వేయించుకుంటే సరి అన్నారు. ఆ మాట వెనక ఎంత ఖర్చుందో వాళ్ళ మరమ్మతు చీటీలు చూస్తే తెలుస్తుంది. టైర్లు, బేరింగులు, క్లచ్చి ప్లేట్లు, ఏడాది తిరగకుండానే మళ్ళీ అవే. ఇక బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందన్నది చీటీల్లో రాసి ఉండదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక లోడుకు జరిమానాను ఇరవై వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ రెండు వేలు చేసింది. జరిమానా కన్నా ముందు భయపడవలసింది ఆ బ్రేకు గురించి.

ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. గేదెలు ఏడాది పొడుగునా ఒకే తీరున పాలివ్వవు. మా వైపు వానాకాలం చివర్లో ఈనడం మొదలుపెడతాయి, చలికాలమంతా పాలు పొంగుతాయి, వేసవి వచ్చేసరికి చాలా భాగం వట్టిపోతాయి. బాబాయి కేంద్రానికి డిసెంబరులో రోజుకు 7,200 లీటర్ల దాకా వస్తే, మే నెలలో 3,900. డిసెంబరుకు సరిపడే బండ్లు కొంటే మే నెలలో సగం ఖాళీగా తిరుగుతాయి, వాయిదా మాత్రం నిండుగా కట్టాలి. మే నెలకు సరిపడేవి కొంటే డిసెంబరులో వాటి నడుము విరుగుతుంది. సగటు తీసి కొనడం అందరికన్నా తెలివితక్కువ పని. సగటు పాలు వచ్చే నెలంటూ ఏదీ లేదు గదా.

పెద్ద బండి కొంటే లీటరుకు ఖర్చు తగ్గుతుందని షోరూములో గట్టిగా చెప్పారు. అది నిజమో కాదో కాగితం మీద వేసి చూశాను. రూటు పొడవు 45 కిలోమీటర్లు, రెండు పూటలకు 90. గేదెకు ఆదివారం లేదు కాబట్టి ఏడాదికి 365 రోజులూ, అంటే 32,850 కిలోమీటర్లు. కంపెనీ చెప్పిన మైలేజీలో నాలుగో వంతు తీసేసి, మా దారుల మీద చిన్న బండి లీటరు డీజిలుకు 16, పెద్దది 12 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నాను. చిన్న బండి రెండు పూటలా కలిపి 1,200 లీటర్ల పాలు తెస్తే, వెయ్యి లీటర్ల పాలకు నాలుగు లీటర్ల 700 మిల్లీల డీజిలు అవుతుంది. పెద్ద బండి నిండుగా 2,000 లీటర్లు తెస్తే మూడు ముప్పావు లీటర్లే అవుతుంది. అక్కడివరకూ షోరూమువారి మాట నిజమే. అదే పెద్ద బండి 1,200 లీటర్లతో వస్తే మాత్రం ఆరుంపావు అవుతుంది. పెద్ద బండి చవక అన్నది, దాన్ని నింపగలిగినవాడికి మాత్రమే. మాకున్న రూట్లలో ఏడాది పొడుగునా దాన్ని నింపగలిగేది ఒక్కటీ లేదు.

ఈ లెక్కల్లో తలమునకలై ఉన్నప్పుడు, అసలు విషయం ఇంకొకటుందని చూపించింది క్యాన్లు ఎత్తే ఒక కుర్రాడు. నాతోపాటు బండిలో తిరిగినవాడే. "బండి ఏదైనా కొనండి గానీ సార్, తొట్టి కిందికుండేది కొనండి" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. తరువాత లెక్క కట్టాను. పూటకు పదిహేను క్యాన్లు, రెండు పూటలా ముప్ఫై, ఒక్కొక్కటి 49 కిలోలు. ఆ కుర్రాడు రోజూ దాదాపు టన్నున్నర బరువును నేల మీది నుంచి తొట్టిలోకి ఎత్తుతున్నాడు. తొట్టి నడుము ఎత్తులో ఉంటే ఒక తీరు, రొమ్ము ఎత్తులో ఉంటే ఇంకో తీరు. నేలా తొట్టీ మధ్య ఒక జానెడు పెరిగితే ఆ జానెడు ఎత్తుకీ టన్నున్నరా ఎక్కాలి. అంతకుముందు ఆ పని చేసినవాళ్ళలో ఇద్దరు ముప్ఫై ఏళ్ళు నిండకుండానే నడుము నొప్పితో మానేశారని అప్పుడు తెలిసింది. వాళ్ళ పేర్లు జీతాల పుస్తకంలో ఒకచోట మొదలై ఒకచోట ఆగిపోయాయి. కారణం రాసే గడి ఆ పుస్తకంలో లేదు.

ఆ మరుసటి వారం షోరూముకు పోయేటప్పుడు జేబులో టేపు వేసుకుని పోయాను. నేల నుంచి తొట్టి ఎంత ఎత్తుందో కొలుస్తుంటే అమ్మేవాళ్ళు వింతగా చూశారు. బాబాయి నా కన్నా ఒకడుగు ముందుకు వేశాడు. "బండ్లన్నీ ఒకే ఎత్తుంటే, పాలెక్కువొచ్చే ఊళ్ళలో ఆ ఎత్తుకే అరుగు కట్టిస్తే పోలా?" అన్నాడు. నిజమే. అరుగు మీద పెట్టిన క్యానును ఎత్తక్కర్లేదు, జరిపితే చాలు. ఒక అరుగుకయ్యే సిమెంటూ ఇటుకల ఖర్చు బండికి వేసే రెండు టైర్ల ఖరీదు కూడా కాదు. కాకపోతే ఒక షరతుంది, ఆ దారిలో పోయే ప్రతి బండీ ఒకే కొలతలో ఉండాలి. ఒకే రకం బండ్లు కొంటే టైర్లూ, ఫిల్టర్లూ, మెకానిక్కూ ఒకటే అవుతారని, ఒక డ్రైవరు రాకపోతే ఇంకొకడు తడుముకోకుండా నడపగలడని అందరూ చెప్పేదే. మా విషయంలో అన్నిటికన్నా పెద్ద కారణం ఆ అరుగు. అలా పదకొండు ఊళ్ళలో అరుగులు లేచాయి.

పడమటి రూట్ల చిక్కు అలాగే ఉండిపోయింది. దానికి బండి మందు కాదని తేలిన తరువాత, పాలనే ఆపితే ఎలా ఉంటుందని ఆలోచించాం. ఆ రెండు రూట్లూ కలిసే ఊళ్ళో 2,000 లీటర్లు పట్టే కూలరు ఒకటి, దానికి తోడు కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక జనరేటరు పెడితే, చుట్టుపక్కల ఏడెనిమిది కిలోమీటర్ల ఊళ్ళ ఏజెంట్లు మోటారు సైకిళ్ళకు క్యాన్లు కట్టుకుని అక్కడికే తెచ్చి పోస్తారు. ఒకసారి 4 డిగ్రీలకు దిగిన పాలకు ఇక తొందర లేదు. సాయంత్రం పాలు తెల్లవారి పాలతో కలిసి కూర్చుంటాయి. టన్నున్నర బండి మీద, వేడి తగలకుండా పొర వేసిన స్టీలు ట్యాంకు బిగించి పంపితే, పాలు పొంగే రోజుల్లో రెండుసార్లు, వేసవిలో ఒక్కసారి పోయి వస్తే సరిపోతుంది. అంటే రెండు రూట్లకు రెండు బండ్లు, రోజుకు నాలుగు తిరుగుళ్ళు ఉన్నచోట ఒక బండితో పని జరుగుతుంది. కూలరు ఖర్చు ఒక బండి ఖర్చుకు ఎక్కువే. అయితే దానికి టైర్లు అరగవు, డ్రైవరు అక్కర్లేదు, వాగు పొంగితే దారిలో ఆగిపోదు. బండ్లు కొనడానికి బయలుదేరినవాళ్ళం ముందుగా కొన్నది కదలని వస్తువును!

ఈలోగా కాలం మమ్మల్ని తరమసాగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 ప్రమాణాలు అమల్లోకి వస్తాయని, ఆ తేదీ తరువాత బి.ఎస్.4 బండ్లను అమ్మడానికీ రిజిస్టరు చేయడానికీ వీలులేదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే చెప్పింది. అందుకని 2020 జనవరి నుంచి పాత సరుకు మీద తగ్గింపులు మొదలయ్యాయి. 2017 మార్చి ఆఖరులో బి.ఎస్.3 బండ్లకు ఇలాంటి గడువే వచ్చినప్పుడు చివరి రెండు రోజుల్లో ధరలు ఎలా పడిపోయాయో అందరికీ గుర్తే. కాబట్టి మార్చి నెలాఖరు దాకా ఆగితే ఇంకా చవకగా వస్తాయని సలహా ఇచ్చినవాళ్ళకు లోటు లేదు.

రెండు రకాల మధ్య తేడా పొగ ఒక్కటే కాదు. డీజిలులో గంధకం పాలు బి.ఎస్.4 లో పది లక్షలకు 50 వంతులైతే బి.ఎస్.6 లో 10. గాలి మంచిదవుతుంది, సందేహం లేదు. మా పనికి సంబంధించినంతవరకు ఇబ్బంది మరోచోట ఉంది. బి.ఎస్.6 డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అది మసిని కాల్చుకుని శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా, మంచి వేడి మీద నడవాలి. పాల బండి రెండు కిలోమీటర్లకొకసారి ఆగుతుంది. పైగా అందులో ఏ సెన్సరు మొరాయించినా కంప్యూటరు తగిలించి చూడవలసిందే. మా చుట్టుపక్కల మెకానిక్కుల దగ్గర అప్పటికి ఆ సామగ్రి లేదు. అందుకని బి.ఎస్.4 బండ్లే తీసుకుందామని, అయితే ఆఖరి తగ్గింపు కోసం ఆగకుండా ఫిబ్రవరిలోనే కొని, శాశ్వత రిజిస్ట్రేషను చేతికి వచ్చాకే మిగిలిన మాటలని నిర్ణయించుకున్నాం. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఆఖరి వారం కోసం కాచుకున్నవాళ్ళకు షోరూములూ తెరుచుకోలేదు, బ్రేకు ఆఫీసులూ తెరుచుకోలేదు.

డబ్బు విషయంలో రెండు సంగతులు చెప్పాలి, ఎవరికైనా పనికి వస్తాయని. మొదటిది పన్ను. సరుకు మోసే బండి మీద కట్టిన జీఎస్టీని వ్యాపారి తన అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. అప్పట్లో ఆ పన్ను 28 శాతం, కాబట్టి అది చిన్న మొత్తం కాదు. కానీ పచ్చి పాల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు అమ్మేవాడికి తగ్గించుకోవడానికి పన్నే ఉండదు. అందువల్ల సిమెంటు వ్యాపారి బండి ధరా, పాల వ్యాపారి బండి ధరా బిల్లులో ఒకటే అయినా, చేతినుంచి పోయేది ఒకటి కాదు. రెండోది వడ్డీ. "ఎనిమిది శాతమే సార్, ఫ్లాటు" అంటారు. నాలుగు లక్షలకు నాలుగేళ్ళకు ఎనిమిది శాతమంటే వడ్డీ లక్షా 28 వేలు. మొత్తం 48 వాయిదాలు, ఒక్కొక్కటి 11,000. అసలు నెలనెలా తరుగుతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజున ఉన్న అసలు మీదే నాలుగేళ్ళూ నడుస్తుంది. తరిగే అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి సుమారు 14.4 శాతం. రెండో సంఖ్యను ఎవరూ తమంతట తాము చెప్పరు, అడిగి రాయించుకోవాలి.

ఇంత లెక్కా అయిన తరువాత, లెక్కకు లొంగని భాగం మిగిలింది. మేము బండ్లు కొంటే ఆ ఆరుగురు కిరాయివాళ్ళు ఏమవుతారు?

వాళ్ళ బండ్లు పాతబడటానికి కారణం నిర్లక్ష్యం కాదని లెక్కల పుస్తకాలు చూసిన నాకు తెలుసు. వాళ్ళు కొన్నవే చేతులు మారిన బండ్లు, పైన చెప్పిన ఫ్లాటు వడ్డీలకు. మా కిరాయి డిసెంబరులో నిండుగా ఉండి, వేసవిలో తిరుగుళ్ళు తగ్గినప్పుడు తగ్గేది. వాయిదా తగ్గేది కాదు. పాత బండి అప్పు తీరకముందే దాని మరమ్మతు అప్పు మొదలయ్యేది. మా గేదెలు వట్టిపోయిన నష్టాన్ని ఇన్నేళ్ళూ మాకు తెలియకుండా మోసింది ఆ ఆరు బండ్లే. బాబాయికి ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు ఊరుకుని, "అయితే మొత్తం మనమే కొనేస్తే వాళ్ళ నెత్తిన ఇంకా బలంగా కొట్టినట్టేగా" అన్నాడు.

చివరికి ఆరు బండ్లకు మూడే కొన్నాం. పడమటికి ట్యాంకు బండి ఒకటి, పాలెక్కువగా వచ్చే రెండు రూట్లకు టన్నుంపావు బండ్లు రెండు. ఆ రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఎత్తువి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టంలో ఉంది కాబట్టి అవి రెండూ ఆ గీత లోపల ఉండేలా చూసుకున్నాం. ఇల్లు తాకట్టు పడలేదు. మిగిలిన రెండు రూట్లనూ కిరాయివాళ్ళలోనే వయసులో చిన్నవాళ్ళయిన ఇద్దరికి ఇచ్చి, వేసవిలోనూ ఇంతకు తగ్గకుండా ఇస్తామని అయిదేళ్ళకు కాగితం రాసిచ్చాడు బాబాయి. ఆ కాగితం పెట్టుకుని వాళ్ళు బ్యాంకులో ముద్ర పథకం కింద అప్పు తెచ్చుకుని మా అరుగుల ఎత్తుకు సరిపోయే కొత్త బండ్లు కొనుక్కున్నారు. ఇంకో ముగ్గురు మా బండ్లకు డ్రైవర్లుగా చేరారు. వాళ్ళలో ఇద్దరి లైసెన్సులు మామూలు తేలిక వాహనాలవి. తేలిక వాహనాల లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు సరుకు బండినీ నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పిన తీర్పు ఉంది కాబట్టి ఇన్సూరెన్సుకు ఇబ్బంది రాలేదు. ఆ తీర్పును 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా నిలబెట్టింది.

ఆరో మనిషి అందరికన్నా పెద్దవాడు. బాబాయి దగ్గర మొదటి రూటు తోలింది ఆయనే. ఆ వయసులో కొత్త అప్పు వద్దన్నాడు. పోనీ మా బండికి డ్రైవరుగా రమ్మంటే, "సొంత బండి తోలినోణ్ణి, నీ బండెట్టా తోల్తానన్నా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అదే కష్టం. ఏ వ్యాపారంలోనైనా బండ్లన్నీ ఒక్కరోజే బాగుండవు, ఒకటి ఎఫ్.సి.కి పోయినప్పుడో, మరమ్మతుకు పోయినప్పుడో చేతికింద అదనంగా ఒకటి ఉండాలి. ఆ అదనపు బండిగా ఆయన పాత బండినే పెట్టుకుని, నడిచినా నడవకపోయినా నెలకు ఇంతని ఇచ్చేటట్టూ, పాలు పొంగే నెలల్లో తిరిగినదానికి వేరే ఇచ్చేటట్టూ మాట్లాడాడు బాబాయి. ఆయన ఒప్పుకున్నాడు. లాక్‌డౌన్‌లో ఒక డ్రైవరును ఊరివాళ్ళు కంచె అడ్డం వేసి బయటికి రానివ్వనప్పుడు, ఇరవై రెండు రోజులు ఆ రూటు నడిపింది ఆ పాత బండే. అయినా కూర్చోబెట్టి ఇచ్చే డబ్బు తీసుకోవడం ఆయనకు చివరిదాకా మనస్కరించలేదు. పని లేని రోజుల్లో వచ్చి, వద్దంటున్నా క్యాన్లు కడిగి పోయేవాడు. 2022లో బండి అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మేము ఆయనకు న్యాయం చేశామా అని బాబాయి ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతుంటాడు. డబ్బు లెక్కలో చేశామనే చెబుతాను.

ఆ తరువాతి వేసవుల్లో పాలు పులిసిన రోజులు పూర్తిగా పోలేదు గానీ, ఒక చేతి వేళ్ళకు లోబడ్డాయి. డెయిరీతో ఒప్పందం నిలిచింది.

ఇప్పుడు బాబాయి కొడుకు వ్యాపారంలోకి వచ్చాడు. బండ్లకు ఆరేళ్ళు దగ్గర పడ్డాయి, ఎనిమిదేళ్ళు దాటితే ఎఫ్.సి. ఏటేటా చేయించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను తగ్గించుకునే వీలులేని మా వంటివారికి ఆ పది శాతం నేరుగా మిగిలినట్టే. కరెంటు బండ్ల మీదైతే అయిదు శాతమే. 2022లో వచ్చిన ఏస్ కరెంటు బండికి ఒకసారి చార్జి చేస్తే 154 కిలోమీటర్లని కంపెనీ లెక్క. దానిలోనూ నాలుగో వంతు తీసేస్తే 115. మా రూటు 90. పొద్దుటి తిరుగుడుకూ సాయంత్రం తిరుగుడుకూ నడుమ అది తీరిగ్గా చార్జి అయ్యే సమయం కూడా ఉంది. ఊరూరా ఆగి బయలుదేరే పని డీజిలుకు ఎంత కష్టమో కరెంటుకు అంత తేలిక. మా తమ్ముడికి ఉత్సాహంగా ఉంది. నాకూ లేకపోలేదు.

మొన్న అతను కొత్త బండ్ల వివరాలన్నీ ఒక కాగితం మీద గళ్ళు గీసి రాసుకొచ్చాడు. ధర, మోత, బ్యాటరీ వారంటీ, చార్జింగు సమయం అన్నీ ఉన్నాయి. చూసి బాగుందన్నాను. పక్కన ఇంకో రెండు గళ్ళు గీయమన్నాను. ఒకటి తొట్టి ఎత్తుకు. రెండోది, అయిదేళ్ళ కాగితం గడువు తీరిపోయినా మన రూట్లే నమ్ముకుని ఉన్న ఆ ఇద్దరు కిరాయివాళ్ళకు. టేపు నా దగ్గరే ఉంది, రేపు ఒంగోలు వెళుతున్నాం. రెండో గడి మాత్రం బాబాయీ, వాళ్ళిద్దరూ కూర్చుని నింపవలసిందే.